నెలకోసారి కొత్తగా పుట్టిన తొట్టి: ఒక పర్లాకిమిడి ఇంటి కేసు

మార్చి నెలాఖరు. నా చేపతొట్ల షాపు మూసి ఇంటికొచ్చి అన్నం తింటుంటే వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. గోల్డ్ ఫిష్, ఒళ్లంతా పల్చటి తెల్లపొర, తోకలో ఎర్రటి చారలు. కింద ఏడో తరగతి పాప గొంతుతో వాయిస్ మెసేజ్: "అంకుల్, ఇది కూడా చచ్చిపోతుందా?"

ఎడంచేత్తోనే టైపు చేసి "మిథిలీన్ బ్లూ 20 చుక్కలు వెయ్యండి, రేపు వచ్చి చూస్తాను" అని పంపేశాను. ఈ కేసులో నా వైపు నుంచి జరిగిన మొదటి తప్పు అదే. నీళ్లు పరీక్ష చెయ్యకుండా, తొట్టి చూడకుండా, ఫొటో చూసి ఫంగస్ మందు చెప్పాను. తెల్లారేసరికి ఆ చేపా, దాని పక్కదీ పోయాయి.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. మహేంద్రతనయ నది వైపు పాత పెంకుటిల్లు, ముందుగదిలో 30 అంగుళాల గాజు తొట్టి. నీలంరంగు గులకరాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, పైన టాప్ ఫిల్టర్. ఒక్క మాటలో చెప్పాలంటే తళతళలాడిపోతోంది. అద్దం మీద నాచు మరక లేదు, రాళ్ల మధ్య రెట్ట లేదు. అయిదు నెలల తొట్టి అంత శుభ్రంగా ఉంటే నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. మిగిలిన చేపల్ని చూస్తున్నాను: నాలుగు గోల్డ్ ఫిష్, రెండు "షార్కు" పిల్లలు, అద్దానికి అతుక్కున్న ఒక సక్కర్. గోల్డ్ ఫిష్ నాలుగూ రెక్కలు ఒంటికి అదుముకుని, నీటి పైభాగాన మూతులు తెరిచి గాలి మింగుతున్నాయి.

మామ్మగారు తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. "ఏటి బాబూ, మేత ఏస్తనే ఉన్నాం, నీళ్లు మారస్తనే ఉన్నాం, నెలనెలా కడిగిస్తనే ఉన్నాం. ఇంకేటి సెయ్యాల? మా ఇంటి కీడేదో ఆటి మీదకి పోతందేమో" అన్నారు.

ఈ కీడు మాట నాకు వారానికోసారైనా వినబడుతుంది. ఇంటికి రావలసిన గండం చేప తీసుకుని పోయింది అంటే మనసుకు కొంత ఊరట. కాకపోతే అలా అనుకున్న ఇంట్లో చేప ఎందుకు చచ్చిందో ఎవరూ వెతకరు, వారానికల్లా కొత్తది తెచ్చి వేస్తారు. మా వ్యాపారానికి మంచిదే అనుకోండి.

కేసు చరిత్ర మొత్తం నాకు దొరికింది నోటిమాటల్లో కాదు, గోడ మీద క్యాలెండర్లో. మామ్మగారు పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, అన్నీ ఆ గళ్లలోనే రాస్తారు. తొట్టి దసరాకి కొన్నారట. నవంబరు నుంచీ ప్రతినెలా ఒక ఆదివారం గడిలో "తొట్టి 300" అని ఉంది. కడగడానికి వచ్చే కుర్రాడికి ఇచ్చిన డబ్బు. అక్కడక్కడా "చే 1", "చే 2" అని చిన్న అక్షరాలు. "చే అంటే చేపా మామ్మగారూ?" అంటే తలూపారు. కొన్న చేపల ఖర్చు పక్కన పోయిన చేపల లెక్క. పాత సంవత్సరం క్యాలెండర్ కూడా మేకుకే వేలాడుతోంది. రెండూ దించి నేల మీద పరిచి, పాపని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కపెట్టాను.

అయిదుసార్లు కడిగారు. ముందురాత్రి పోయిన రెండింటితో కలిపి 14 చేపలు పోయాయి. వాటిలో రెండు కొనుక్కొచ్చిన రోజే పోయాయి, ఒకటి ఎగిరి కిందపడింది. మిగిలిన 11, "తొట్టి 300" రాసిన రోజుకి మూడోరోజు నుంచి పదోరోజు లోపల పోయినవే. కడిగి రెండు వారాలు దాటాక అలా పోయిన ఒక్క "చే" కూడా లేదు. పాపే ముందు కనిపెట్టింది. "అంకుల్, కడిగాకే చచ్చిపోతున్నాయి" అంది.

తర్వాత కడిగే పద్ధతి అడిగాను. ఆ కుర్రాడు ఎవరో, ఎక్కడివాడో ఇక్కడ అనవసరం. పని శ్రద్ధగానే చేసేవాడు. చేపల్ని బకెట్లో వేసి, తొట్టి పూర్తిగా వంపేసి, రాళ్లు కుళాయి కింద బియ్యం కడిగినట్టు కడిగి, ఫిల్టర్లో దూది పారేసి కొత్తది పెట్టి, సిరామిక్ రింగులు రుద్ది మేడ మీద ఎండబెట్టేవాడు. సాయంత్రానికి కుళాయి నీళ్లతో నింపి, మందు వేసి చేపల్ని వదిలేవాడు. ఏం మందు అని అడిగితే బీరువా మీంచి రెండు సీసాలు తీశారు. ఒకటి క్లోరిన్ విరిచేది, తెల్లది. జనవరిలోనే అయిపోయిందట. రెండోది నీలంది, మిథిలీన్ బ్లూ. రెండూ ఒకే పని చేస్తాయనుకుని జనవరి నుంచీ నీలం ఒక్కటే వేస్తున్నారు. అంటే మూడు నెలలుగా చేపలు దిగుతున్నది క్లోరిన్ నీళ్లలోకి. దాని మీద ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియాని దెబ్బతీసే మందు. దాని మీద ముందురాత్రి నేను చెప్పిన 20 చుక్కలు.

కిట్ తీసి పరీక్ష చేశాను. అప్పటికి కడిగి ఎనిమిదో రోజు. అమ్మోనియా 2 పీపీఎం, అంటే పదిలక్షల్లో రెండు వంతులు. నైట్రైట్ 0.25. పీహెచ్, అంటే నీటి ఆమ్ల-క్షార గుణం కొలత, 8. నీటి వేడి 28 డిగ్రీలు. నైట్రేట్ దగ్గర ఆగిపోయాను, పసుపు రంగు, అంటే దాదాపు సున్నా. నైట్రేట్ కిట్‌లో రెండో సీసాని అర నిమిషం గట్టిగా కుదపకపోతే మందు అడుగున పేరుకుని ఉండిపోయి అబద్ధపు సున్నా చూపిస్తుంది. అందుకని సీసాని అరచేతిలో టపటపా కొట్టి, కుదిపి, మళ్లీ చేశాను. మళ్లీ పసుపే.

కేసు అక్కడ తేలిపోయింది. చేప ఉచ్చలోంచి, మొప్పల్లోంచి, మిగిలిపోయిన మేత కుళ్లడంలోంచి అమ్మోనియా వస్తుంది. ఒకరకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకోరకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది చేప కొంతవరకు ఓర్చుకోగలిగిందే, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ రెండు జాతులూ నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ. దూదికీ, రింగులకీ, రాళ్లకీ జిగురుపొరలా పట్టుకుని ఉంటాయి. ఏమీ లేని కొత్త తొట్టిలో అవి సరిపడా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ ఇంట్లో సరిగ్గా నాలుగు వారాలకోసారి వాటిని కడిగి ఎండబెడుతున్నారు. అయిదు నెలలు నడిచిన తొట్టిలో నైట్రేట్ లేదంటే, అది అయిదు నెలల తొట్టి కాదు, ఎనిమిది రోజుల తొట్టి.

దీనికి పీహెచ్ తోడైంది. అమ్మోనియా అంతా ఒకేలా చంపదు. పీహెచ్ 7 దగ్గర అందులో విషపు భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. 8కి వచ్చేసరికి పదింతలవుతుంది. ఎండ పెరిగినకొద్దీ ఇంకాస్త. ఇక్కడి 2 పీపీఎంలో అసలు విషం సుమారు 0.13. చేప మొప్పలు కాలడానికి 0.05 చాలు. పీహెచ్ ఎందుకంత ఉందంటే, కుళాయి రాని రోజుల్లో బోరు నీళ్లు కలుపుతున్నారు. ఆ బోరు నీళ్లతో గిన్నెల మీద తెల్లగా సున్నం కడుతుందని మామ్మగారే చెప్పారు. గోల్డ్ ఫిష్‌కి ఆ గట్టినీళ్లు ఇబ్బంది కాదు, నిజానికి ఇష్టం కూడా. కాకపోతే అమ్మోనియా ఉన్న తొట్టిలో అవే ప్రాణం మీదికి తెస్తాయి.

మరి ఫొటోలో నేను చూసిన తెల్లపొర? మొప్పలూ చర్మమూ మండుతుంటే చేప జిగురు ఎక్కువగా విడుస్తుంది. దాన్ని నేను ఫంగస్ అనుకున్నాను.

చేపల లెక్క కూడా చెప్పాలి. కొలతల ప్రకారం తొట్టి 85 లీటర్లు. పైన ఖాళీ, కింద రాళ్లు తీసేస్తే నికరంగా ఉండే నీళ్లు 65 లీటర్లు. అందులో దసరాకి ఆరు గోల్డ్ ఫిష్, రెండు షార్కులు, ఒక సక్కర్ వేసి అమ్మారు. గోల్డ్ ఫిష్ ఒక్కోటి జానెడు దాకా పెరుగుతుంది, తిన్నంతా విసర్జిస్తుంది. షార్కు అని అమ్మేది నిజానికి పంగాస్ జాతి, మీటరు దాటి పెరగగలిగే చేప. దాని పిల్లని ముచ్చటగా ఉందని ముందుగదిలో పెట్టుకోవడం అంటే దూడని పెరట్లో కాక బీరువాలో కట్టెయ్యడం.

చేసిన పనులు, చేసిన వరుసలో చెబుతాను. ముందు గాలి. బండిలో ఉన్న చిన్న ఆక్సిజన్ మోటారు పెట్టి బుడగల రాయి వదిలాను. తర్వాత నీళ్లు. డ్రమ్ములో ముందురోజు పట్టిన కుళాయి నీళ్లున్నాయి. అయినా క్లోరిన్ విరిచే మందు పలుకులు చిటికెడు కలిపాను. 26 లీటర్లు తీసి అంతే పోశాను, అమ్మోనియా 1.2కి దిగింది. మొత్తం ఎందుకు మార్చలేదని పాప అడిగింది. నీళ్లలో వేడి, పీహెచ్ ఒక్కసారిగా మారితే ఇప్పటికే నీరసించిన చేపకి అదో దెబ్బ. రోజూ కొంచెం కొంచెం తియ్యడం నయం.

మూడోది ఉప్పు. లీటరుకి గ్రాము లెక్కన 65 గ్రాములు. నౌపడా రాళ్లుప్పు వంటింట్లో ఉంది, తక్కెడ లేదు. పాప స్కూలు ప్రాజెక్టు కోసం కొన్న చిన్న డిజిటల్ కాటా తెచ్చింది. ఉప్పు అమ్మోనియాని ఏమీ చెయ్యదు. రాబోయే నైట్రైట్ కోసం ముందే వేశాను. నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి పోయి రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. నీళ్లలో ఉప్పు ఉంటే అది లోపలికి పోవడం బాగా తగ్గుతుంది. మగ్గులో కరిగించి, గంట వ్యవధిలో మూడు విడతలుగా పోశాను.

నాలుగోది అసలు మందు. షాపులో రెండేళ్లుగా నడుస్తున్న తొట్టిలోంచి స్పాంజ్ ఫిల్టర్ ఒకటి తీసి, ఆ నీళ్లతోనే కవర్లో కట్టి, బండి హ్యాండిల్‌కి తగిలించుకుని తెచ్చాను. తోవలో ఎక్కడా ఆగకుండా. తెచ్చి ఆ స్పాంజిని తొట్టిలో ఒకసారి పిండాను. గోధుమరంగు మురికి మబ్బులా లేచింది, మనకి కావలసిన బాక్టీరియా దాంట్లోనే ఉంటుంది. మామ్మగారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఓలమ్మో, ఇదేటి బాబూ, ఉన్న నీల్లు పాడుసేసినావు!" అయిదు నెలలు తళతళలాడిన తొట్టిని నేను వచ్చి మురుగుకాలవ చేశానని ఆ రోజు సాయంత్రం వాళ్లబ్బాయికి ఫోన్లో చెప్పారట. ఆయనకి నేను ఇంకో అరగంట మాట్లాడవలసి వచ్చింది.

షార్కులు రెండూ అదే కవర్లో నాతో వెనక్కి తీసుకొచ్చాను. నదిలో వదిలెయ్యమని ఇంటాయన అన్నారు. వద్దన్నాను. మన నదిది కాని చేపని, అందులోనూ జబ్బు తొట్టిలోంచి, మహేంద్రతనయలో వదిలితే అక్కడినుంచి వంశధారకి ఎంత దూరం?

మేత రెండు రోజులు పూర్తిగా ఆపించాను. ఇది అన్నిటికన్నా కష్టం. ఆకలికి ఏ గోల్డ్ ఫిషూ రెండు రోజుల్లో చావదు, వారమైనా ఉంటుంది. అయినా దగ్గరికి వెళ్లగానే ఎదురొచ్చి మూతి ఆడిస్తుంది, పిల్లల చెయ్యి ఆగదు. మేత డబ్బా నేనే జేబులో వేసుకుని వచ్చేశాను.

నాలుగోరోజు మరో గోల్డ్ ఫిష్ పోయింది. మొప్పలు తెరిచి చూస్తే అంచులు కాలిన కాగితంలా ఉన్నాయి. దాన్ని ఎవరూ బతికించలేరు. కానీ నా నీలం మందు లేకపోతే ఒక రోజు ముందే పని మొదలయ్యేది కదా అన్నది మాత్రం పాపకి చెప్పాను. పాప ఏమీ అనలేదు. క్యాలెండర్లో "చే 1" తనే రాసింది.

అయిదోరోజు సాయంత్రం గాలీవానా. ఇక్కడ చైత్రం రాగానే ఇవి మామూలే. కరెంటు పోయి తొమ్మిది గంటలు రాలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఈ గజపతి జిల్లాలో రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. అప్పుడు నా షాపులో సగం చేపలు పోయాయి. అప్పటినుంచి బ్యాటరీతో నడిచే ఆక్సిజన్ మోటారు లేకుండా ఎవరికీ తొట్టి అమ్మను. ఈ ఇంట్లో అది లేదు, నేను తెద్దామంటే రోడ్డు మీద చెట్టు పడింది. ఫోన్లో చెప్పాను: చెంబుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి తొట్టిలోకే పొయ్యండి, పావుగంటకోసారి పది చెంబులు, అందులో రెండు ఫిల్టర్ దూది మీద పొయ్యండి, అది ఆరిపోకూడదు. అర్ధరాత్రి దాకా పాప, ఆ తర్వాత మామ్మగారు. టార్చిలైటు వెలుగులో కొంగు నడుముకి చుట్టి చెంబుతో నీళ్లు పోస్తున్న మామ్మగారి ఫొటో వాళ్లబ్బాయి పంపారు. "శివుడికి అభిషేకం" అని కింద రాశారు. తెల్లారి మూడూ బతికే ఉన్నాయి.

ఆ తర్వాత అంకెలే. ఏడోరోజు అమ్మోనియా 0.5, నైట్రైట్ 1. పన్నెండోరోజు అమ్మోనియా సున్నా, నైట్రైట్ ఇంకా 1. ఆ వారం టెన్షన్ నాకే ఎక్కువ. రోజూ రెండు బకెట్లు, అంటే 20 లీటర్లు మార్పించాను, తీసిన నీళ్లకి సరిపడా ఉప్పు 20 గ్రాములు తిరిగి వేయించాను. పందొమ్మిదోరోజు నైట్రైట్ సున్నా. నైట్రేట్ సీసా మొదటిసారి నారింజరంగుకి తిరిగింది, 20 పీపీఎం. పాప ఆ సీసాని కడగనివ్వలేదు, రెండు రోజులు కిటికీలో పెట్టుకుంది.

ఆ రోజు నుంచి ఉప్పు ఆపేశాం. మామూలు నీళ్లతో మారుస్తుంటే అదే పోతుంది. పద్ధతి ఇది: ప్రతి ఆదివారం రెండు బకెట్లు, పైపుతో రాళ్ల మధ్య రెట్ట లాగుతూ. ఆ బకెట్లు చేపలవే, సబ్బు తగలకూడదు. దూది మరీ మూసుకుపోతే తొట్టిలోంచి తీసిన ఆ నీళ్లలోనే పిండి మళ్లీ అదే పెట్టడం. రింగుల జోలికి పోకూడదు. మేత రోజుకోసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. వానాకాలంలో కుళాయి నీళ్లలో బ్లీచింగ్ వాసన పెరిగినప్పుడు ఆ పలుకులు కాస్త ఎక్కువ.

మూడు గోల్డ్ ఫిష్ 65 లీటర్లలో ఎక్కువే. గప్పీలకి మారమని, గట్టినీళ్లు వాటికి బాగా పడతాయని చెప్పాను. పాప ససేమిరా అంది. బేరం రెండు దగ్గర తెగింది. పెద్దది పాతపట్నంలో వాళ్ల మేనమామ పెరట్లో సిమెంటు తొట్టికి వెళ్లింది. ఒడిశా నుంచి ఆంధ్రాకి మారింది కానీ ఆటోలో దూరం కాదు. అక్కడ దోమపిల్లల్ని తింటూ నాకన్నా లావైంది.

మేలో ఇంకో ఇబ్బంది. నీళ్లు 33 డిగ్రీలు దాటాయి. నీరు వేడెక్కినకొద్దీ అందులో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 8.3 మిల్లీగ్రాములు పట్టేది, 30 దగ్గర 7.6. గోల్డ్ ఫిష్ చల్లనీళ్ల చేప, దానికి ఇది ఉక్కపోతే. ఐసు వెయ్యబోతే ఆపాను. మూత తీసి దోమతెర గుడ్డ కట్టి, టేబుల్ ఫ్యాను నీటి మీదికి వంచి పెట్టించాను. ఆవిరైపోతూ నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. తగ్గిన నీళ్లు రోజూ ఒక చెంబు కలుపుకోవాలి, అంతే.

ఇక నా లెక్క. నెలకి 300 కడుగుడు కాంట్రాక్టు ఈ ఇంట్లో లేకుండా పోయింది, ఆ కుర్రాడికీ లేదు, నాకూ లేదు. వ్యాపారం మొదలుపెట్టిన మూడేళ్లు నేనూ అలాగే కడిగాను. తొట్టి మొత్తం వంపి, నాలుగు గంటలు చెమటోడ్చి, అద్దంలా చేసి ఇస్తే ఇంటివాళ్లు సంతోషంగా డబ్బులిచ్చేవాళ్లు, టీ ఇచ్చేవాళ్లు. వారం తర్వాత చేప చస్తే కొత్తది నా దగ్గరే కొనేవాళ్లు. ఇప్పుడు వెళ్లి రెండు బకెట్లు మార్చి, దూది పిండి పావుగంటలో లేస్తే "ఇంతేనా?" అంటారు. ఆ "ఇంతేనా" అన్న మాటకి భయపడి మాలో చాలామంది ఇంకా కడుగుతూనే ఉన్నారు. నేను ఇప్పుడు పరీక్షకి డబ్బు తీసుకుంటున్నాను, సీసాల్లో రంగు మారడం వాళ్ల ఎదురుగానే చేస్తాను. రంగు కనిపిస్తే పని కనిపించినట్టే.

దసరాకి ముందు ఇల్లు కడుగుతూ మామ్మగారు ఫోన్ చేశారు. "పండగకి తొట్టి కూడా ఓసారి పూర్తిగా కడిగిస్తే..." అని ఆగారు. బయటివైపు అద్దం తుడవమన్నాను, లోపలి వాటిని తాకొద్దన్నాను. కాసేపటికి పాప ఫోన్ నుంచి క్యాలెండర్ ఫొటో వచ్చింది. ఆదివారాల గళ్లన్నిట్లో "నీ 2 బ". ఏప్రిల్ తర్వాత ఒక్క "చే" లేదు.

ఫొటో మూలలో తొట్టి కూడా పడింది. సక్కర్ జానెడు దాటింది. దాన్ని ఎక్కడికి మార్చాలో ఇంకా తేల్చుకోలేదు, పాతపట్నం మేనమామ మాత్రం ముందే చేతులెత్తేశారు.